తీసివేతలో మిగిలిన గొంతు

దెయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. పైగా నేను చెప్పబోయే దాంట్లో చనిపోయినవాళ్ళెవరూ మాట్లాడరు. అందుకే దీన్ని ఏమని పిలవాలో నాకు తెలియదు.

బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం ఆఖరి రోజులవి. ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేస్తూ కలకత్తా సాల్ట్ లేక్‌లో అద్దెకుండేవాణ్ణి. మాది గుంటూరు వైపు. నా భార్య పార్వతి మాత్రం కలకత్తాలోనే పుట్టింది. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి, ఓడరేవు డాక్‌లో పనిచేస్తూ ఏక్‌బాల్‌పూర్‌లో స్థిరపడ్డారు. ఆయన పోయాక మా అత్తయ్యగారు మా దగ్గరే ఉండేవారు.

నాకు పాటల డిస్కుల పిచ్చి. అదే పిచ్చి ఉన్న బెంగాలీ స్నేహితుడు సుబీర్‌దా ఇల్లు భవానీపూర్‌లో. కింద గదిలో గోడలకు పాత బొంతలు వేలాడదీసి, చుట్టూ అయిదు స్పీకర్లు పెట్టుకున్నాడు. ఆదివారాలు మేమిద్దరం అక్కడే.

ఆ చలికాలం మా మధ్య ఒక పెద్ద తగువు నడుస్తోంది. ఆయన దగ్గర ఒక బ్లూ-రే డిస్కు ఉండేది. ఎక్కడో యూరప్‌లో, ఒక చర్చిలో రికార్డు చేసిన వాద్య కచేరీ. ఒకే కచేరీని డిస్కు మీద మూడు రకాలుగా ఎక్కించారు. ఒకటి ఉన్నదున్నట్టు. మిగతా రెండూ రెండు పోటీ కంపెనీల పద్ధతుల్లో మడతపెట్టి చిన్నవి చేసినవి. వాటిని లాస్‌లెస్ అంటారు. అంటే మడత విప్పితే ఒక్క అంకె కూడా పోకుండా అసలుది తిరిగి రావాలి.

సుబీర్‌దా ఒప్పుకోడు. ఒకదాంట్లో వెనక స్పీకర్లలో ఆ చర్చి గాలి వినబడుతుందట, రెండోదాంట్లో అది ఆరిపోయిందట. అదంతా భ్రమ అని నేను. మాట పెరిగి, ఒక ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను.

నేను చేయదలచుకున్నది చాలా తేలిక. రెండు లాస్‌లెస్ ట్రాకుల్నీ మడత విప్పి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదానికి కలపడం. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది సున్నా. ఏ చప్పుడూ ఉండకూడదు.

ముందు స్పీకర్లవి కలిపాను. నిశ్శబ్దం. వెనక కుడివైపు కూడా అంతే. సుబీర్‌దా ముఖం చిన్నబోయింది. చివరిగా వెనక ఎడమవైపుది కలిపాను.

తెర మీద మీటరు కదిలింది.

వాల్యూము పెంచాను. చెక్క మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు. ఆగి ఆగి. ఆ తరువాత ఎవరో ఎగశ్వాస తీసుకుంటున్నట్టు. సంగీతం ఛాయ కూడా లేదు.

డిస్కు తయారీలో ఏదో పొరపాటనుకుని, అదే ముక్కను మళ్ళీ పెట్టాను. ఈసారి చప్పుడు లేదు. ఆడగొంతు వినబడింది. "ఓలమ్మో... గడియ పడిపోనాది... గడియ పడిపోనాది..."

సుబీర్‌దా కుర్చీలోంచి లేచాడు. "ఎటా తో తోమాదేర్ భాషా!" అన్నాడు. ఇది మీ భాష కదా అని.

గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయాను. సన్నగా, పైపులోంచి వస్తున్నట్టుంది. కానీ ఆ మాట తీరు మా ఇంట్లో రోజూ వినేదే.

మూడోసారి అదే ముక్క పెట్టాను. మాటలు లేవు. ఊపిరి ఒక్కటే ఉంది, అదీ చాలా ఎడంగా.

ఒకే ఫైలు, ఒకే చోటు, మూడుసార్లూ మూడు రకాలు. లాప్‌టాప్‌లో మైకు ఆపేసి ఉంది, ఇంటర్నెట్టు లేదు. ఇవన్నీ తరువాత ఆలోచించుకున్నవి. అప్పుడు మాత్రం నా చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయింది.

ఇంటి ల్యాండ్‌లైను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. పార్వతి ఆ రోజు పెళ్ళి పనులకని ఏక్‌బాల్‌పూర్‌లో పిన్ని ఇంటికి వెళ్ళింది. తనకి చేశాను.

"అమ్మ ఎత్తట్లేదా? తానానికెళ్ళుంటాదండీ. ఏటైంది, అలగున్నారేటి?"

స్నానం అన్న మాటకి ఫోను పెట్టేసి లేచాను. మా బాత్రూములో గ్యాస్ గీజరుంది. చలికని అత్తయ్యగారు కిటికీ మూసేస్తారు.

సుబీర్‌దా నన్ను ఒక్క ప్రశ్న అడగకుండా చెప్పులేసుకున్నాడు. టాక్సీ దొరికింది గానీ, కాస్త దూరం వెళ్ళేసరికి ముందు ఊరేగింపు. జెండాలు, నినాదాలు, బస్సులన్నీ నిలిచిపోయి. "మిఛిల్, దాదా, ఏం చేసేది!" అని డ్రైవరు ఇంజను ఆపేశాడు. సుబీర్‌దా దిగి, జనంలోకి వెళ్ళి, ఎవరినో బతిమాలి పక్క సందులోకి దారి చేయించాడు. దారి పొడుగునా నేను ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నాను. అది మోగుతూనే ఉంది.

నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపలికి వెళ్ళేసరికి బాత్రూములో నీళ్ళ చప్పుడు. తలుపు లోపల గడియ. పిలిస్తే పలుకు లేదు. ఇద్దరం భుజాలతో గుద్దితే నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో తలుపు ఊడింది.

అత్తయ్యగారు గడప పక్కన గోడవారగా ముడుచుకుని పడున్నారు. గీజరు మండుతోంది. పైగడియ దానంతటదే జారి, వంకరగా ఇరుక్కుపోయింది.

దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసుకువెళ్ళాం. గాలి ఆడని చోట గ్యాసు మండి విషవాయువు పట్టిందన్నాడు డాక్టరు. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదన్నాడు. పార్వతి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

సాయంత్రానికి అత్తయ్యగారు మాట్లాడారు. మీరు చాలాసేపు అరిచారా అని అడిగాను.

"అరవనేదు బాబూ. తలుపు కొట్టాను రెండు మూడు దెబ్బలు. అంతే, సేతులు పడిపోనాయి. గొంతు పెగిల్తేనా? మనసులోనే అనుకున్నాను."

"ఏమనుకున్నారు?"

ఆవిడ చెప్పేలోగా సుబీర్‌దా ముందుకొచ్చాడు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. తను విన్నదాన్ని బెంగాలీ నోటితో, చిన్నపిల్లాడు పాఠం అప్పగించినట్టు పలికాడు. "గొడియా పొడిపోనాది."

అత్తయ్యగారు ఆయన వైపు తిరిగారు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. "అదే," అన్నారు. "అదే అనుకున్నాను. ఈ బాబుకెవులు సెప్పారు?"

మర్నాడు సుబీర్‌దా గదిలో అదే తీసివేత మళ్ళీ చేశాం. వెనక ఎడమది సున్నా. ముందురోజు ఫైలు లాప్‌టాప్‌లోనే ఉంది. అదీ మొదటి నుంచి చివరిదాకా సున్నాలే. నా సహోద్యోగి ఒకతనికి సంగతి చెప్పకుండా ఆ ట్రాకులిచ్చి చూడమన్నాను. రెండూ అచ్చంగా ఒకటే అన్నాడు. ఇందులో చూడ్డానికేముందని నవ్వాడు.

పక్కింటివాళ్ళ రేడియో అనుకుందామా? రేడియోలో ఆ గడియ మాట ఎందుకొస్తుంది? ఇద్దరికీ ఒకేసారి కలిగిన భ్రమ అనుకుందామా? తెలుగు రాని మనిషికి శ్రీకాకుళం మాట భ్రమలో ఎలా వస్తుంది? నా దగ్గరున్న లెక్కలన్నీ వేసి చూశాను. ఎటునుంచి వేసినా అక్కడే ఆగిపోతాను.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి అత్తయ్యగారు కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే అడిగారు.

"మనసులో అన్నమాట బాబూ. అంత దూరాన దాన్ని విన్నది ఏటి? మీరా, ఆ పెట్టా?"

కత్తిపీట చప్పుడు ఆగింది.