లింగంపేటలో దిగిన అవ్వ

ప్రార్థనలో నాకు కన్నీళ్లు రావడం ఆగిపోయి అప్పటికి రెండు నెలలు. దేవుడిచ్చిన రక్షణ పోయిందేమోనన్న భయంతో అన్నం సయించేది కాదు. కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే, పక్క సీట్లోని ముసలామె నా చేతిలో బైబిలు చూసి పలకరించింది. ఎందుకో ఆమెకు చెప్పేశాను.

"నాకు ఎన్నడూ ఏడుపు రాలే బిడ్డా. బాప్తిస్మం నాడు నీళ్లల్ల ముంచినప్పుడు సుత చలే పెట్టింది," అంది.

"మరి రక్షణ ఉన్నదని ఎట్ల తెలుస్తదవ్వా?"

"బైబిల్ల రాసినట్టు చేసుడే నాకు తెలుసు. మా చెల్లెతోని మాటల్లేవు. అందుకే పోయిన నెల ప్రభు బల్ల కాడ రొట్టె తీసుకోలే. ముందుగాల సమాధానపడుమని వాక్యంల ఉన్నది గద. ఆమె ఇంటికే పోతున్న."

"కోపం పోయిందా?"

"ఏడ పోయింది? కడుపుల మండుతనే ఉన్నది. మొఖం మీద తలుపేస్తదేమోనని భయం గూడ ఉన్నది."

లింగంపేటలో బస్సు ఆగితే, ఆమె కడ్డీ పట్టుకుని మెట్టు మీదే ఆగిపోయింది. అయినా దిగింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థిస్తుంటే నాకు కన్నీళ్లు మళ్లీ వచ్చాయి. ప్రభు బల్ల రొట్టె పళ్లెం నా దాకా వచ్చింది. రెండు వరసల ముందు, మూడేళ్లుగా నేను పలకరించని మా అన్న కూర్చున్నాడు. రొట్టె ముట్టకుండా పళ్లేన్ని పక్కవాళ్లకు అందించాను.