హాఫిజ్ గారికి ఏ చికిత్స?

2023లో నేను బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నర్సుగా ఉన్నాను. ఆ వేసవిలో ఖాదర్ బాషా గారిని ఆయన భార్య మెహరున్నీసా తీసుకొచ్చారు. ఆయన హాఫిజ్, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవారు. పిల్లలకు నేర్పేవారు. డిప్రెషన్‌తో పాఠాలు మానేశారు. మందులు మార్చి చూసినా గుణం కనిపించలేదు.

డాక్టరు గారు రెండు చికిత్సల గురించి చెప్పారు. ఈసీటీలో మత్తు ఇచ్చి, మెదడుకు కొద్ది క్షణాలు కరెంటు పంపి, అదుపులో ఫిట్స్ తెప్పిస్తారు. త్వరగా పనిచేస్తుంది కానీ మతిమరుపు రావచ్చు. టీఎంఎస్‌లో మత్తుండదు. తలకు ఆనించిన కాయిల్ అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపిస్తుంది. జ్ఞాపకాలకు పెద్దగా బెడద లేదు కానీ వారాల తరబడి దాదాపు రోజూ చేయించుకోవాలి. అది మా దగ్గర లేదు, విజయవాడ వెళ్లాలి.

ఖాదర్ బాషా గారు ఒక్క మాట అడిగారు. "నేను నేర్చుకున్నది పోతుందాండీ?"

"పాతవి మామూలుగా నిలుస్తాయి. అసలు పోవని మాత్రం చెప్పలేను" అన్నారు డాక్టరు గారు.

దాంతో టీఎంఎస్‌కే మొగ్గారు. భార్యాభర్తలు పొద్దున్నే బస్సెక్కి వెళ్లొచ్చేవారు. మొదట్లో నిద్ర కాస్త కుదిరింది. తర్వాత ఆయన తిండీ నీళ్లూ మానేశారు. మా వార్డుకు తెచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. టీఎంఎస్‌తో కోలుకున్నవారిని నేను చూశాను. ఈయన జబ్బు అన్నాళ్లు ఆగలేదు, అంతే.

సెలైన్ పెట్టి, ఈసీటీ గురించి మళ్లీ అడిగాం. ఇంట్లో వాళ్లది ఉర్దూ. మాకూ తెలియాలనేమో, మెహరున్నీసా తెలుగులోనే అన్నారు: "మర్చిపోతే మళ్లీ నేర్చుకుందురు గాని. మీరే లేకపోతే నేనేం చెయ్యనండీ?"

ఆయన ఒప్పుకోలు కాగితం తీసుకుని సంతకం పెట్టారు.

కొన్ని సిట్టింగుల తర్వాత ఆయనే టీ అడిగారు. ఒక పొద్దున మంచం మీద కూర్చుని మెల్లగా పారాయణ మొదలుపెట్టారు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, దారి దొరకబుచ్చుకున్నారు. మెహరున్నీసా ముఖం కొంగులో దాచుకున్నారు.

తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు, విజయవాడ ప్రయాణాలేవీ గుర్తులేవన్నారు. ఆ ప్రయాణాలకు కాస్త ముందే పుట్టిన మనవణ్ణి తాను ఎత్తుకున్నదీ గుర్తులేదట. అది చెప్తున్నప్పుడు గొంతు తగ్గింది. ఆయన బయటికెళ్లాక మెహరున్నీసా నాతో అన్నారు: "బస్సులో రోజూ చచ్చిపోతాననేవారు సిస్టర్. ఆయనకి అదీ గుర్తులేదు. నేనేమో ఇప్పటికీ ఆ బస్సు ఎక్కలేకపోతున్నాను."

ఈసీటీ మంచిదా, టీఎంఎస్ మంచిదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎంత వ్యవధి ఉంది, ఏది పోగొట్టుకుంటామని భయం అనేవి ముందు తెలుసుకోవాలంటాను. రోగి కోలుకున్నాక, మెహరున్నీసాలా పక్కనే ఉండి ఏదీ మర్చిపోలేని ఇంటిమనిషిని కూడా కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను.