ఆ రోజు మా వీధి మగ్గాలన్నీ ఆడాయి

ఆర్థిక మాంద్యం అనే మాటను నేను మొదట చదివింది ఒక చిరిగిన పత్రికలో. మేము నేసిన చీరలను షావుకారు కొననని తిప్పి పంపుతూ, ఆ మూటకు చుట్టిన కాగితం అది. నేను బడికి పోయినవాణ్ణి కాను. మూటలకు చుట్టి వచ్చే పాత పత్రికలే నా వాచకాలు. ఆ వ్యాసం రాసిన పెద్దమనిషి మాంద్యం ఎందుకు వస్తుందో, ఎట్లా పోతుందో చక్కగా విడమరిచి రాశాడు. చదువుతున్నంతసేపూ ఆయన ఆ పూట కడుపునిండా తిన్నాడని తెలుస్తూనే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కర్నూలు రాజధాని. మా ఊరు కోయిలకుంట్లకు ఒక పూట నడక. ఊరికి తూర్పున మా చేనేతవాళ్ల వీధి. ఇంటింటికీ, కాళ్లు గుంతలో పెట్టి నేసే గుంత మగ్గం ఉండేది. మా నాయన సన్న నూలు చీరలు నేసేవాడు. ఉంగరంలో దూరే చీరలని ఊరివాళ్లు గొప్పలు చెప్పేవారు. అంతకాకపోయినా, ఆయన నేసిన చీర మడిచి అరచేతిలో పెడితే బరువు తెలిసేది కాదు. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క ఏడ్చాము. యుద్ధం అయిపోయాక నూలు వచ్చింది, కొనేవాడు పోయాడు. సముద్రం అవతలి దేశాలు మన గుడ్డ వద్దన్నాయట. ఇక్కడ వరసగా వానలు లేక రైతు చేతిలో ఏమీ మిగల్లేదు. రైతు పెళ్లాం కొత్త చీర కట్టకపోతే నేతగాడి పెళ్లాం పొయ్యి వెలిగించదు. ఈ సంగతి తెలియడానికి వ్యాసాలు అక్కర్లేదు. మా పొయ్యిలో పడుకున్న పిల్లిని అడిగినా చెప్పేది.

షావుకారు నూలివ్వడం మానేశాడు. మగ్గాలు ఆగిపోయాయి. చాలా ఇళ్లలో మగ్గం మీద జానెడో మూరెడో నిలువు పోగుల పడుగు మిగిలి ఉండేది. దాన్ని కోసి తీసెయ్యడం మా వీధిలో ఆచారం కాదు. ఒట్టి మగ్గం ఇంట్లో ఉండకూడదు. పడుగు ఉన్నా, అడ్డంగా నడిపే పేక నూలు లేదు. పేక చుట్టే కండెలు ఖాళీ. జనం జొన్న సంకటి నుంచి జొన్న గంజికి, అక్కణ్ణించి చెట్ల ఆకులకు దిగారు.

అప్పుడు ప్రభుత్వానికి మా మీద దయ కలిగింది. ప్రభుత్వాల దయ నడుచుకుంటూ రాదు. ముందు షరతులను పంపిస్తుంది. సగానికి మించి మగ్గాలు నిలిచిపోయిన వీధికి గంజి కేంద్రం, ఉచితంగా పేక నూలు. మగ్గాలు నడుస్తున్న వీధికి అవి లేవు. అక్కడివాళ్లకు కావాలంటే రోడ్డు మీద కంకర కొట్టే కరువు పని. ఏ వీధి ఎటువంటిదో చూసి రాసుకోవడానికి ఇన్‌స్పెక్టరు వస్తాడని కరణం కబురు చెప్పాడు.

కంకర పని అంటే రైతుకూలీకి ఒకటి, మాకు ఒకటి. సన్న నూలు నేసేవాడి చెయ్యి మెత్తగా ఉండాలి. అరచేయి కాయ కాస్తే పోగు దానికి తగులుకొని తెగుతుంది. అందుకే మా నాయన ఎన్నడూ గడ్డపార ముట్టలేదు. ఇంటి వెనక కట్టెలు కొట్టే పని అమ్మది, నాది. గంజి కేంద్రం వస్తే ఆయన చేతులు నిలుస్తాయి. రాకపోతే పోతాయి. మా ఇంటికి సంబంధించినంతవరకు దేశమంతటి మాంద్యం ఆ రెండు అరచేతుల మీదికి వచ్చి కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు వీధి పెద్ద అందరినీ పిలిచాడు. నేను లేచి, కరణం చెప్పిన షరతు మళ్లీ చెప్పాను. మగ్గాలు ఎట్లున్నాయో అట్లే చూపించాలన్నాను.

"ఏం చూపిస్తావు?" అన్నాడు వీధి పెద్ద. "ఒక అధికారి గడప తొక్కే యేళకి ఇంట్లో మగ్గం సప్పుడు లేకుంటే ఏమనుకుంటాడు? ఎవురో సచ్చినారనుకుంటాడు."

మా వీధిలో మగ్గం ఆపేది చావు మైలకే. ఎవరైనా పెద్దమనిషి ఇంటికి వస్తే మగ్గం మీద ఉన్నవాడు లేచి దండం పెడతాడు, వెంటనే మళ్లీ కూర్చొని, పేకను నడిపే నాడె విసురుతాడు. అదే మర్యాద.

"సచ్చినామనే గదా మామా మనం చెప్పాల్సింది," అన్నాను.

"నీవు కాగితాలు సదివి సదివి శానా ముదిరినావప్పా," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. తిండి లేని నవ్వు ఎట్లుంటుందో విన్నవాళ్లకే తెలుసు.

"వాడు మగ్గం ఆడేది సూస్తే, వీళ్లు పనోళ్లు, నూలిస్తే పనికొస్తారు అనుకుంటాడు," అన్నాడు ఇంకొకాయన. "సోమరోళ్లకు ఎవురిస్తారు?"

అక్కడున్న వాళ్లందరికీ ఇది గొప్ప తెలివిగా తోచింది. మా నాయన కూడా తల ఊపాడు. ప్రభుత్వమంటే కూడా ఒక షావుకారే అనుకున్నారు. షావుకారు దగ్గర చలాకీగా కనిపించినవాడికే నూలు దొరికేది. వాళ్లకు తెలిసిన లోకం అది.

వీధి మొత్తం గాలిస్తే పేక నూలు నిండిన కండెలు ఆరు దొరికాయి. అన్నీ ఎర్రనూలే. ఆ ఆరింటితో మరుసటిరోజు వీధంతా మగ్గాలు ఆడించారు. ఇన్‌స్పెక్టరు ముందుగుమ్మం నుంచి బయటికి రాగానే ఆడవాళ్లు కండెను నాడెలోంచి తీసి పెరటిగోడ మీదుగా పక్కింటికి అందించేవారు. పక్కింట్లో దాన్ని నాడెలో పెట్టి, ఆయన గడప తొక్కేలోపు రెండు మూడు సార్లు విసిరి, ఏదో పొద్దున్నుంచీ నేస్తున్నట్టు నుదురు తుడుచుకునేవారు. మా ఇంటికి వచ్చేసరికి నాయన నన్ను మగ్గంలో కూర్చోమన్నాడు. తాను ముందుగుమ్మంలో నిలబడి అధికారికి దండం పెట్టాలి కదా.

"నేను కూసోను," అన్నాను.

"కూసో," అన్నాడు నాయన. అంతే.

కూర్చున్నాను. విసిరాను. అన్నీ తెలిసి, ముందురోజు అందరికీ పాఠం చెప్పినవాణ్ణి, నాడె విసిరాను. మిగతా వీధిని తిట్టుకునే ముందు ఈ సంగతి చెప్పకపోతే నేనూ ఆ వ్యాసం రాసిన పెద్దమనిషి లాంటివాణ్ణే.

ఇన్‌స్పెక్టరు తెల్లచొక్కా మనిషి, కోస్తా వైపువాడు. మగ్గం వైపు చూశాడు, పడుగు మీద కొత్తగా పడిన నాలుగైదు ఎర్రపోగులు చూశాడు. ముందింట్లోనూ నాలుగైదు ఎర్రపోగులే చూశాడు. దానికి ముందింట్లోనూ అంతే. ఆయన గుడ్డివాడు కాదు. మా అమ్మ బుగ్గల ఎముకలు కూడా ఆయనకు కనిపించాయి. పుస్తకంలో ఏదో రాసుకొని, "ఫరవాలేదు, మీ వీధి బాగానే ఉందండీ. పేపర్లవాళ్లు ఊరికే గోల చేస్తున్నారు," అన్నాడు. మా నాయన సంతోషపడ్డాడు.

ఆయన పోయాక ఆడవాళ్లు ఇంటింటా ఆ ఎర్రపోగులు విప్పి మళ్లీ కండెలకు చుట్టుకున్నారు.

వారం తిరక్కముందే పక్క ఊళ్లో గంజి కాగుతున్నదని, మన ఊళ్లో లేదని తెలిసింది. కంకర పని మాత్రం సిద్ధంగా ఉంది. నేను పోతానన్నాను. "నీ చేతులు కాపాడుకో. ఒక ఇంట్లో రెండు జతల చేతులు పాడు చేసుకోవద్దు," అని నాయనే బయలుదేరాడు. నేను, ఇన్‌స్పెక్టరు చూసింది నిజం కాదని ఒక అర్జీ రాసి, వీధంతా వేలిముద్రలు వేయించుకొని కర్నూలు పోయాను.

నేను అప్పటిదాకా రాజధాని చూడలేదు. ప్రభుత్వం గుడారాల్లో ఉంది. కొండారెడ్డి బురుజు నీడ పడేంత దూరంలో కాదు గానీ, ఊరి బయలులో వరసగా గుడారాలు. జాతరలో బొమ్మలాటవాళ్లు వేసుకున్నట్టుగా ఉన్నాయి. పేద రాష్ట్రం, గుడారాల్లో ఉంటే తప్పులేదు. తప్పు లోపల ఉంది. ఒక గుడారంలో ముగ్గురు గుమాస్తాలు, మంత్రిగారి గుడారానికి చేనేత తెరలు ఏ రంగువి కొనాలని గంటసేపు మాట్లాడుకున్నారు. దేశంలో నేతగాళ్లు చస్తున్నారు కాబట్టి మంత్రులందరూ చేనేత తెరలు కట్టాలని నిర్ణయమైందట. పచ్చవైతే మాసినా కనపడవని ఒకడు. నీలం హుందాగా ఉంటుందని ఇంకొకడు. గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టినవి కంకర రాళ్లు. ఏ వీధివాడు కొట్టినవో.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నా అర్జీ చూసిన గుమాస్తా వెతికి, ఇన్‌స్పెక్టరు రిపోర్టు తీశాడు.

"మీ వీధిలో మగ్గాలన్నీ నడుస్తున్నాయని ఉందయ్యా ఇక్కడ."

"ఆ పొద్దు మాత్రమే ఆడినాయి సార్. నూలు ల్యాక ఎప్పుడో నిలిచిపోయినాయి."

"నూలు లేకుండా ఎలా ఆడాయి?"

ఆరు కండెల కథ చెప్పాను. పక్క బల్ల గుమాస్తా తెరల రంగు వదిలిపెట్టి వినడానికి ఇటు తిరిగాడు. ఇద్దరూ హాయిగా నవ్వారు.

"అంటే ప్రభుత్వ అధికారిని మోసం చేశామని రాసి, కింద వీధంతా వేలిముద్రలు వేసి తెచ్చావన్నమాట," అన్నాడు మొదటివాడు. "ఆ రోజు మీరు చూపించింది అబద్ధమా, ఇవాళ నువ్వు చెప్పేది అబద్ధమా? ఏదో ఒకటి తేల్చు, రాసుకుంటాను."

నేను చదివిన కాగితాలన్నిటిలోనూ దానికి జవాబు లేదు.

"ఇంకోసారి వచ్చి చూడమనండి సార్," అన్నాను చివరికి.

"విచారణ అయిపోయిన వీధికి మళ్లీ విచారణ ఉండదు. పైగా ఇప్పుడు పరిస్థితి చక్కబడుతోందని పైనుంచి వచ్చింది." అని అర్జీ మీద ఒక కంకర రాయి పెట్టాడు.

గుడారం బయట కూర్చున్న బంట్రోతు మా సీమవాడే. నేను బయటికి వస్తుంటే, "ఏమప్పా, యాడిది మీ ఊరు? నిజం చెప్పేకి ఇంత దూరం వచ్చినావా?" అన్నాడు. ఆ రాజధానిలో నాకు కనిపించిన తెలివైనవాడు ఆయనొక్కడే.

ఆ కాలంలో నేను అర్థం చేసుకున్నది ఇంతే. మాంద్యం వస్తే ప్రభుత్వానికి ముందుగా భయం వేస్తుంది. భయపడ్డ ప్రభుత్వం ఆకలిని తగ్గించలేదు కాబట్టి ఆకలి ఉన్న చోట్లను తగ్గిస్తుంది. దానికి ఇన్‌స్పెక్టర్లు కావాలి, వాళ్లు దొరుకుతారు. వాళ్ల ముందు నుదురు తుడుచుకునే మనలాంటివాళ్లు కూడా కావాలి. వాళ్లు ఇంకా సులభంగా దొరుకుతారు.

నేను తిరిగి వచ్చి నేరుగా రోడ్డు దగ్గరికి పోయాను. నాయన మొదట్లో అరచేతులకు పాతగుడ్డ చుట్టుకొని సుత్తె పట్టేవాడట. అట్లా చేస్తే కొంతవరకు కాపాడుకోవచ్చు. కానీ పని చూసే మేస్త్రీ అందరి ముందూ, "ఏమప్పా, చేతికి చీర కట్టినావే. రైక యాడ?" అన్నాడట. కూలీలు నవ్వారట. నాయన ఆ గుడ్డ విప్పి పారేశాడు. నేను చూసేసరికి ఒట్టి చేతులతో కొడుతున్నాడు. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు పగిలి ఎండి ఉన్నాయి.

"గుడ్డ చుట్టుకో నాయనా. వాడెవడో అంటే ఏమి?"

"నవ్వుతారు," అన్నాడు.

కర్నూలు పోయిన పని ఏమైందని ఆయన అడగలేదు. పక్కనే ఉన్న రాయి తీసుకోబోతే నా చేతిని సుత్తె కాడతో తోశాడు.

ఎనిమిది నెలలకు షావుకారు మనిషి సన్న నూలు తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఎక్కడో బజారు తిరిగిందట. ప్రభుత్వం తానే తిప్పానని పత్రికల్లో వేయించుకుంది. అమ్మ, నేను పడుగు చేసి మగ్గానికి ఎక్కించాము. నాయన స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి గుంతలోకి దిగాడు. కాయలు కాసిన అరచేతులకు ముందురోజంతా ఆముదం పూసి ఉంచాడు. బెత్తెడు నేయకముందే పోగులు తగులుకొని తెగడం మొదలయింది. అమ్మ పక్కన కూర్చొని అతుకుతూ ఉంటే, అతికినవి అతికినట్టే తెగాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాయన గుంతలోంచి లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకొని షావుకారు అంగడికి పోయాడు. నేను వెనకే పోయాను.

"దుప్పట్ల నూలు ఉంటే ఇయ్యప్పా," అన్నాడు.

"ముతకదా? ఎవురికి?" అన్నాడు షావుకారు.

"నాకే."

షావుకారు నా ముఖం చూశాడు. తర్వాత లోపలికి పోయి ముతక నూలు కట్ట తెచ్చి ఇచ్చాడు. నాయన దాన్ని ఇంటికి తెచ్చి, వాకిట్లో కూర్చొని విప్పడం మొదలుపెట్టాడు. నేను ఆయన లేచిన గుంతలోకి దిగాను. తెగిన పోగులన్నీ అతికి, మళ్లీ నాడె పట్టుకునేసరికి దీపాలు పెట్టే వేళయింది.