రిబ్కా పెద్దమ్మ మోకాళ్ళు

మా రిబ్కా పెద్దమ్మ మోకాళ్ళు ఒకసారి చూసినవాళ్ళు అంత తేలిగ్గా మర్చిపోరు. మనిషి గాలికి ఎగిరిపోయేంత సన్నం. కాళ్ళు రెండూ వెదురు బద్దలు. మధ్యలో మాత్రం రెండు వెలక్కాయలు కట్టినట్టు మోకాళ్ళు. చీర ఎగదోపుకుని బురదలోకి దిగిందంటే ముందు అవే కనిపిస్తాయి.

అవి ఊరికే అట్లా తయారవలేదు. చిన్నప్పటి నుంచీ వంగి, వెనక్కి నడుస్తూ వరినాట్లు వేసిన మోకాళ్ళవి. పెదనాన్న పోయాక ఆవిడ మడ మొక్కలు నాటే పనికి మారింది. రేపల్లె దాటి కిందికి పోతే ఉప్పునీటి పాయల వెంట మడ అడవి ఉంటుంది. తుపానుకి అది దెబ్బతిన్నచోటల్లా కొత్త మొక్కలు నాటాలి. మా పేట ఆడవాళ్ళని ఆ పనికి తీసుకెళ్ళే మేస్త్రి యాకోబు గారు. పొద్దున్నే డ్రైవరుతో ఆటో తెచ్చి, ఎవరి గుమ్మం ముందు హారన్ మోగిస్తే వాళ్ళకి ఆ రోజు పని ఉన్నట్టు. మోగించకుండా దాటిపోతే లేనట్టు. ఆయన నోటితో ఎవర్నీ రమ్మనడు, వద్దనడు. అదేం పద్ధతో నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను బాపట్లలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెబుతాను. శనివారం ఇంటికొస్తే ఆ పాఠాలు ఇక్కడా మొదలుపెడతానని మా అమ్మ హెప్సిబాకి విసుగు. పెద్దమ్మకి మాత్రం సరదా. ఒకసారి నన్ను పాయ దగ్గరికి తీసుకెళ్ళి ఒక రకం మడ చెట్టు చూపించింది. దాని వేళ్ళు బురదలోంచి పైకి లేచి, వంగి, మళ్ళీ బురదలోకే దిగుతాయి. చెట్టు చుట్టూ పదిమంది మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్టే ఉంటుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ మోకాళ్ళతోనే ఊపిరి పీలుస్తుందని చెప్పాను. పెద్దమ్మ ఒక వేరుని అరచేత్తో నిమిరి, దీనిక్కూడా వాతమేనేమో అనుకున్నానే అంది.

అవతలి ఒడ్డున కొంగ ఒకటి నిలబడి ఉంది. దాని మోకాలు వెనక్కి వంగుతుందేంటని అడిగింది. అది మోకాలు కాదు, మడమ అని చెప్పాను. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది, బయటికి కనపడదు. పెద్దమ్మ చాలాసేపు ఆ కొంగనే చూసింది. దానికి మోకాలు నొచ్చినా ఎవరికీ తెలియదన్నమాట అంది. నేను నవ్వాను.

ఆవిడ నవ్వలేదెందుకో తర్వాత తెలిసింది. కొల్లిపరలో చుట్టాల్ని చూసొస్తానని చెప్పి అంతకుముందే ఒంటరిగా రైలెక్కి తెనాలి వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకుందట. మోకాళ్ళు బాగా అరిగిపోయాయి, కింద కూర్చోవద్దు, వాటి మీద బరువు మోపి వంగొద్దు అన్నాడట ఆయన. ఈ మాట ఇంట్లో చెబితే పేటంతా తెలుస్తుంది. పేటకి తెలిస్తే యాకోబు గారికి తెలుస్తుంది. ఆయనకి తెలిసిన మర్నాడు ఆటో హారన్ మోగకుండా వెళ్ళిపోతుంది. అందుకని పెద్దమ్మ నోరు కుట్టేసుకుంది. బురదలో నిలబడి వంగడానికి ఎలాగో తంటాలు పడేది. మోకాళ్ళ మీద కూలబడితే మాత్రం లేవడం తన వల్ల అయ్యేది కాదు.

ఇదిలా ఉండగా చీరాలలో మా బంధువుల పెళ్ళయింది. ఫోటో కోసం ఆడవాళ్ళంతా చాప మీద కూర్చుంటే పెద్దమ్మ ఒక్కతే వెనక నిలబడింది. మా అమ్మకి నోరు ఊరుకోదు. మా అక్కవి కొంగ మోకాళ్ళు, వాటిని ముడవాలంటే మళ్ళీ పుట్టాలి అంది. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారంతో గొడవ మొదలైంది.

మా గుడిలో నెలకి మొదటి ఆదివారం ప్రభు భోజనం, మా మాటల్లో బల్ల. ఆ రోజు ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుంటారు. వరసకి ఇంతమంది చొప్పున ముందుకెళ్ళి, చెక్క కమ్మీ దగ్గర మోకాళ్ళూనుతారు. పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి దీవిస్తే వరసంతా ఒక్కసారి లేస్తుంది. ఎవరితోనైనా మనసులో పడనివాళ్ళు మాత్రం బల్ల దగ్గరికి రాకూడదు. ముందు వెళ్ళి సమాధానపడాలి. కాబట్టి ఎవరైనా లేవకుండా కూర్చున్నారంటే, ఆ మనిషికి ఎవరితో చెడిందా అని గుడంతా వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆ ఆదివారం పెద్దమ్మ లేవలేదు. మోకాళ్ళూనితే మళ్ళీ పైకి లేవడం తన వల్ల కాదు. దేవుడి ముందు అందరూ మోకరిస్తే తనొక్కతే నిటారుగా నిలబడటానికి భయం. పైగా కమ్మీ పక్కనే సంఘపెద్దగా ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నిలబడేది ఎవరనుకున్నారు? యాకోబు గారే.

మా అమ్మకి ఆ రోజు అన్నం దిగలేదు. చీరాలలో అన్న మాటకి అక్క మనసు విరిగిందని తీర్మానించుకుంది. తోటికోడళ్ళయినా ఒక్క కడుపున పుట్టినట్టు ఉంటారు ఇద్దరూ. వెంటనే చేపల పులుసు వండి నాతో పంపింది. పెద్దమ్మ ఇష్టంగా తిని, గిన్నె ఖాళీగా పంపకూడదని కాసిని చిక్కుడుకాయలు వేసి ఇచ్చింది. అది చూసి మా అమ్మకి ఏడుపు ఆగలేదు. నా పులుసు తింటుంది గానీ నా మూలంగా బల్లకి రావట్లేదు, లోపల పెట్టుకుంది అని ఒకటే గోల.

తర్వాతి నెలా పెద్దమ్మ లేవలేదు. ఈసారి మా అమ్మ కూడా లేవలేదు. అక్కకి నా మీద మనసులో కోపం ఉన్నప్పుడు నేను మాత్రం ఏ ముఖంతో వెళ్తానంది. ఇద్దరూ తెల్లచీరల్లో, ఒకే బెంచీ మీద, పక్కపక్కనే తలలు దించుకుని కూర్చున్నారు. ఇక చూసుకోండి. స్థలం తగాదా అన్నారు, అత్తగారి బంగారం అన్నారు, పెదనాన్న పోయినప్పటి పాత పగ అన్నారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని వింటూ ఉంటాం కదా, మా సంఘం ఆ పని నిజంగానే చేసి చూపించింది. నాకు కోపమొచ్చి పెద్దమ్మని మొహం మీదే అడిగేశాను. నాకెవరి మీద ఏముంటుందే పిచ్చిమొహమా అని, బాపట్ల బస్సుకి టైమవుతోందని నన్ను తరిమింది.

మూడో నెల మొదటి ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రం యాకోబు గారు ఇద్దర్నీ గుడికి పిలిపించారు. నేనూ వెళ్ళాను. అయ్యగారు మంచిమనిషి, వాక్యం చదివి మెత్తగా నాలుగు మాటలు చెప్పారు. తగాదాలో ఉన్న ఇద్దరూ పక్కపక్కన మోకరించి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ప్రార్థన చేస్తే అది తీరిపోయినట్టు మా లెక్క. యాకోబు గారు మోకరించమన్నారు. అమ్మ వెంటనే మోకరించి చెయ్యి పైకి చాచింది. పెద్దమ్మ నిలబడే ఉంది.

"ఏంటి రిబ్కమ్మా, అంత కరడుగట్టిందా మనసు?" అన్నారు యాకోబు గారు.

పెద్దమ్మ అవమానం పడటానికైనా సిద్ధపడిందిగానీ ఆ మనిషి ముందు మోకాళ్ళ సంగతి చెప్పడానికి సిద్ధంగా లేదు. అప్పుడు మా అమ్మ నేల మీదే వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"నాదే తప్పు అక్కా. పెళ్ళిలో నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. నన్ను క్షమించకపోయినా ఫర్వాలేదు, నా మూలంగా నువ్వు బల్ల మానొద్దు."

పెద్దమ్మ మొహం ఒక్కసారిగా మారిపోయింది. ఇన్నాళ్ళూ తన సంగతే చూసుకుంది గానీ, చెల్లి ఈ బరువు మోస్తోందని ఆవిడకి తెలియదు. అమ్మని చూసింది, యాకోబు గారిని చూసింది. ఆటో, హారన్, ఇల్లు గడవడం, అన్నీ ఆ చూపులో కనపడ్డాయి నాకు.

"దీని తప్పేం లేదు అయ్యగారూ. నాకు మోకాళ్ళు పోయాయండి. మోకరిస్తే మళ్ళీ లేవలేనండి. చెబితే యాకోబన్నయ్య పనికి పిలవడని దాచానండి" అంది.

అమ్మ లేచి పెద్దమ్మ నడుం చుట్టూ చేతులేసి పట్టుకుంది. యాకోబు గారు తువ్వాలు భుజం మార్చుకుని, సరే పదండి అని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం ఒకటే అనుకున్నాం. ఇక ఆటో ఆగదు.

మర్నాడు ఆదివారం. అమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కమ్మీ దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దమ్మ కమ్మీ ఆనుకుని నిలబడి తల వంచింది. మా అమ్మ మోకాళ్ళు ఉక్కులా ఉంటాయి. అయినా మోకరించలేదు, పక్కనే నిలబడింది. వాళ్ళ వెనక వచ్చింది యాకోబు గారి భార్య. మోకరించబోయి, సగంలో ఆగి, కమ్మీ పట్టుకుని లేచి నిలబడిపోయింది. తర్వాత వచ్చిన ముసలామె కూడా అంతే, ఆవిడ పక్కనామె కూడా అంతే. నాట్లేసిన కాళ్ళు కదా అందరివీ. ఇన్నేళ్ళూ నలుగురూ ఏమనుకుంటారోనని పళ్ళు బిగించి మోకరిస్తున్నారన్నమాట. ఆ వరసలో ఒక్కరూ వంగలేదు. తెల్లచీరల్లో అట్లా నిలబడ్డవాళ్ళని చూస్తే నీళ్ళు పెట్టిన చేలో కొంగలు వాలినట్టుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, వంగి ఇచ్చే అలవాటు మానుకుని, చెయ్యి పైకెత్తి రొట్టె అందించారు.

ఆఖరున మగవాళ్ళ వంతు. యాకోబు గారు గిన్నె ఇంకొకరికి ఇచ్చి తనూ వచ్చి వరసలో నిలబడ్డారు. అందరూ మోకరించారు. ఆయన మోకరించలేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. ఆ బురదలో ఆయనా నడిచిన మనిషే కదా.

సోమవారం నేను మొదటి బస్సుకి బయల్దేరుతుంటే ఆటో వచ్చి పెద్దమ్మ గుమ్మం ముందు ఆగి హారన్ మోగించింది. ఇక నుంచి పాయలో దిగొద్దట, నర్సరీలో మట్టి సంచులు నింపి మొలకలు గుచ్చే పని చూసుకోవాలట. ఆ మాట కూడా యాకోబు గారు చెప్పలేదు, డ్రైవరు చెప్పాడు. పెద్దమ్మ అమ్మ భుజం పట్టుకుని మెల్లగా ఎక్కింది. ఆటో కదిలినప్పుడు చూశాను, వెనక తాడుతో రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు కట్టి ఉన్నాయి. ఒకటి ఆవిడకి. రెండోది యాకోబు గారికి.