అల్సర్ అని చెప్పింది మా అమ్మ

నేను మ్యాండ్రాక్స్, అంటే పొడిచేసి పొగ తాగే మత్తుబిళ్లలు, మానేసి అప్పటికి నాలుగు నెలలు. తెల్లవాళ్ల పాలనను ముగించిన, అన్ని రంగులవాళ్లూ కలిసి ఓటు వేసిన ఆ మొదటి ఎన్నికల్లో, మా పేట నార్త్‌డేల్‌లో క్యూలో నిలబడి ఉండగా గుండె దడదడలాడింది. చెమటకు చొక్కా తడిసిపోయింది. వెనకాల ఉన్న పెద్దమ్మ భుజం తట్టింది.

"ఏమిరా, నీ అల్సర్ బాగైనాదా? కారం తినొద్దు, ఓకే?"

నేను మత్తు మాన్పించే క్లినిక్‌లో ఉన్నన్నాళ్లూ అల్సర్ అని అమ్మ అందరికీ చెప్పింది. గుడి కమిటీలో నాన్న పరువు పోతుందట. ఇక ఏ ఇంటికెళ్లినా నాకు చప్పిడి మెతుకులే. లేని కడుపునొప్పికి ముఖం చిట్లించి నటించేవాణ్ణి. ఇంట్లోనేమో మళ్లీ తాగానేమోనని నా చొక్కాలు వాసన చూసేవాళ్లు. రెండూ రోతే.

క్యూలోంచి తప్పుకుని తిన్నగా మ్యాండ్రాక్స్ అమ్మేవాడి గుమ్మానికి వెళ్లాను. వాళ్లావిడ తలుపు తీసింది.

"ఓటుకి పోయినాడు. లేట్ అవుతాది."

ఆ రోజు నన్ను కాపాడింది నా నిగ్రహం కాదు, వాడి ఓటు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తర్వాతి వారం ఈసీజీ, బ్లడ్ టెస్ట్ చేశారు. "హార్ట్ బాగానే ఉంది. ఇది స్ట్రెస్. మానేసిన మగవాళ్లు మళ్లీ మొదలుపెట్టేది చాలాసార్లు దీనివల్లే" అన్నాడు డాక్టర్. "ఇంట్లో నీతో నిజం మాట్లాడేదెవరు?" అని అడిగాడు. మాత్రలు వాడాను, కౌన్సెలింగ్‌కు వెళ్లాను. దడ మాత్రం తగ్గలేదు.

సెప్టెంబరులో మొదలయ్యే పెరటాసి నెలలో పెద్దమ్మ ఇంట్లో గోవింద పూజ. అందరి ఆకుల్లో పులుసు, మామిడికాయ పచ్చడి. నాకు మళ్లీ చప్పిడి మెతుకులు. ఆకు పక్కకు నెట్టేశాను.

"నాకు అల్సర్ లేదు. మ్యాండ్రాక్స్ తాగేవాణ్ణి. అందుకే క్లినిక్‌కి పోయినాను."

"షేమ్ లేదా నీకు? నోరు ముయ్యి!" అని అమ్మ అరిచింది.

పెద్దమ్మ గరిటె పట్టుకుని అమ్మకేసి తిరిగింది. "ఇన్ని నెలలు నా చేత ఉత్తినే చప్పిడి వండించినావా, అమ్మే?"

నా పక్కవాళ్లిద్దరు లేచి దూరంగా కూర్చున్నారు. నేను ఆకు ముందుకు లాక్కుని, పులుసూ పచ్చడీ వేయించుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు షూ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. మీ ఇంట్లో మగవాడు మత్తు మానేసి వస్తే, అతని జబ్బుకు ఇంకో పేరు పెట్టకండి. ఆ అబద్ధం మోయడమే అతణ్ణి మళ్లీ అటు తోస్తుంది. నాకు దడ ఇంకా అప్పుడప్పుడు వస్తుంది. "అమ్మా, ఇవాళ తాగాలని ఉంది" అని చెప్పేస్తాను. అమ్మ ముఖం తిప్పుకుంటుంది, కానీ లేచి వెళ్లిపోదు.