ఆడకుండా వచ్చిన కప్పు

నిడదవోలు స్టేషన్ దగ్గర మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. కొట్టు వెనక ఇల్లు, ఇంటి పెరటిగోడకి అవతల ఫుట్‌బాల్ గ్రౌండు. గోడ మీద మోచేతులు ఆనించి ఆట చూస్తూ పెరిగాను. పెళ్ళయి అదే ఊళ్ళో బట్టల కొట్టు వారింటికి వచ్చాను. మా ఆయనకి ఆటలంటే పడదు. నాకు మాత్రం ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక గ్రౌండుకి వెళ్ళకపోతే వారం గడిచినట్టుండదు. యాభై దాటిన ఆడమనిషి గోల్‌పోస్టు వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అవతలి గోల్‌కీపర్‌ని వెక్కిరిస్తూ కూర్చుంటే మొదట్లో జనం నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు.

మా ఊరి జట్టు లీగు గెలవడం నేను పరికిణీలు కట్టుకునే రోజుల్లో ఒక్కసారి చూశాను. మళ్ళీ ఇన్నేళ్ళకి ఆఖరి ఆట దాకా ఆశ నిలిచింది. ఆ ఆట పట్టిసీమ వైపు నుంచి వచ్చే జట్టుతో. గెలిస్తే కప్పు మాది. డ్రా అయినా సరే వాళ్ళది.

వాళ్ళతో మొదటి ఆట చలికాలంలో వాళ్ళ ఊళ్ళో జరిగింది. మా కుర్రాళ్ళతో పాటు వ్యానులో నేనూ వెళ్ళాను. వాళ్ళ గోల్‌కీపర్ పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ట్రాక్టర్ తోలతాడని ఎవరో చెప్పారు. మావాడు కొట్టిన పెనాల్టీని పక్కకి దూకి ఆపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏరా అబ్బాయ్, చేతులకి జిగురు రాసుకొచ్చావా?" అని మొదలుపెట్టి సగం ఆట అయ్యేదాకా నోరు మూయలేదు. విరామంలో తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"అత్తయ్యగారండీ, తిట్టడం అయిపోతే కాసిని మంచినీళ్ళు ఇత్తారా?"

సీసా ఇచ్చాను. పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగి, మూత పెట్టి తిరిగిచ్చాడు.

"మీ ఊళ్ళో ఆటకి కూడా రండి. మీరు తిడతా ఉంటే నాకు హుషారుగా ఉంటందండి."

"వస్తాను. ఆ రోజు నీకు గోల్ పడేదాకా కదలను."

"ఆయ్, చూద్దాం లెండి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ ఆటలో ఎవరికీ గోల్ పడలేదు.

ఆఖరి ఆదివారం మా గ్రౌండు చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. నేను కొట్టులోంచి పసుపుపచ్చ కండువాలు ఒక కట్ట తెచ్చాను. నాలుగింటికి మొదలవ్వాలి. అవతలి జట్టు రాలేదు. నాలుగున్నర దాకా చూశారు. నిర్వాహకుల్లో ఒకాయన ఫోన్ మాట్లాడి, మైకు అందుకుని, "అవతలి జట్టు రావడం లేదు. రూలు ప్రకారం ఈ ఆట మన జట్టుదే, లీగూ మనదే" అన్నాడు.

జనం ఒక్కసారిగా అరిచారు. అందరికంటే ముందు కుర్చీలోంచి లేచింది నేనే. చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాను. గీత దాటి గ్రౌండులోకి వెళ్ళి, దొరికినవాళ్ళకి దొరికినట్టు కండువాలు కప్పాను. మా కెప్టెన్ నిర్వాహకుల బల్ల దగ్గర నుంచి వస్తుంటే అతని మెడలోనూ వేశాను. బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే కుర్రాడు అతను. ముఖం పాలిపోయి ఉంది.

"వాళ్ళ గోల్‌కీపర్ పోయాడంటండి. నిన్న సాయంత్రం కాలవ గట్టు మీద ట్రాక్టర్ తిరగబడిందంట."

నాకు వినబడింది. అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అప్పటికే నేను సంతోషపడిపోయాను. తెలియక సంతోషపడ్డానని తర్వాత ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ వాళ్ళు ఎందుకు రాలేదని అడగాలని కూడా నాకు తోచలేదు. అదే ఇప్పటికీ మింగుడుపడదు.

కెప్టెన్ వెనక్కి వెళ్ళి, ఆట తర్వాత పెట్టమని అడిగాడు.

"రూలు ఒప్పుకోదు బాబూ. కప్పు ఇవ్వడానికి వచ్చిన అతిథిగారు కూర్చున్నారు, తీసుకో" అన్నారు పెద్దలు.

తీసుకున్నాడు. పైకి ఎత్తలేదు. అప్పటికింకా సంగతి తెలియని ఒకతను టపాకాయలు ముట్టించబోతే, వెళ్ళి చేతిలో అగ్గిపెట్టె లాక్కున్నాడు.

మర్నాడు కొట్టు ఆయనకి అప్పజెప్పి, కుర్రాళ్ళతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల డాబా. వాళ్ళమ్మ నాకంటే చిన్నదే, పొలం పనులు చేసిన చేతులు. నేను నిడదవోలు నుంచి వచ్చానని చెబితే నా ముఖంలోకి తేరిపార చూసింది.

"మావోడు చెప్పాడండి. ఒకావిడ ఆటంతా తిట్టిందమ్మా, దాహమేత్తే మళ్ళీ ఆవిడే నీళ్ళిచ్చిందమ్మా అని నవ్వుకున్నాడు. మీరేనా?"

తలూపాను. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను. నిన్న చప్పట్లు కొట్టిన చేతులే నావి. ఆ మాట చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

కాసేపటికి ఆవిడే కెప్టెన్‌ని అడిగింది. "మావోడి వల్ల మీ ఆట ఆగిపోయిందా బాబూ?"

"ఆగలేదండి. పెద్దకర్మ అయ్యాక మీ ఊళ్ళో వచ్చి ఆడతాం" అన్నాడు.

అన్నట్టే వెళ్ళారు. నేనూ వెళ్ళాను. లీగుకి దానితో సంబంధం లేదు, లీగు రిఫరీ కూడా రాలేదు. అక్కడి స్కూల్లో డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదారు. గోల్‌లో నిలబడటానికి వాళ్ళకి వేరే మనిషి లేక, బ్యాక్ ఆడే అతను నిలబడ్డాడు. గ్లవ్స్ అతని చేతులకి పెద్దవయ్యాయి. మా గోల్ మొదటి సగంలోనే పడింది. ఎవరూ గంతులు వెయ్యలేదు. కానీ మెత్తగా ఆడిందీ లేదు. ఆఖర్లో వాళ్ళు ఒకటి కొట్టారు. డ్రా.

ఆ ఆటే లెక్కలోకి వస్తే కప్పు వాళ్ళది. మా కెప్టెన్ సంచిలోంచి కప్పు తీసి వాళ్ళ కెప్టెన్ ముందు పెట్టాడు. ఆయన ముప్పై దాటిన మనిషి, కొబ్బరి వ్యాపారం.

"వద్దండి. రూలు ప్రకారం మీదే. ఉంచుకోండి" అన్నాడాయన. కప్పుని వెనక్కి జరిపి, "దీన్ని మా ఊళ్ళో పెడితే వాళ్ళమ్మ రోజూ చూడాలండి" అన్నాడు.

దాన్ని మళ్ళీ సంచిలోనే వెనక్కి తెచ్చాం. కప్పు ఇప్పుడు మా క్లబ్బు గదిలో బీరువా మీద ఉంది. కొట్టుకి వచ్చినవాళ్ళు గుడ్డ చూస్తూ, "మొత్తానికి ఈ ఏడు గెలిచామండి" అంటారు. ఔనంటాను. అబద్ధమేమీ కాదు. పరికిణీల రోజుల నుంచి మళ్ళీ దాని కోసమే ఎదురుచూశాను. అది మళ్ళీ వస్తే ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియకుండానే పోయింది.