సయోంగ్‌లో నేను వద్దన్న కూజాలు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో చూసిన వీడియో. అమెరికాలో న్యూమెక్సికో అనే ఎడారి రాష్ట్రంలో ప్యూబ్లోలనే స్థానిక ప్రజల ఊళ్ళున్నాయి. అలాంటి ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ సారె లేకుండా కుండ చేస్తోంది. మట్టిని చేగోడీ పిండిలా పొడుగ్గా పామి, చుట్టు మీద చుట్టు పేర్చి, వేళ్ళతో నొక్కి అతుకుతోంది. ఎండిన సొరకాయ పెంకుతో గీకి నునుపు చేసి, వాళ్ళ అమ్మమ్మ నాటి గులకరాయితో మెరుగు పెట్టింది. ఆరుబయట కాల్చి, మంట మీద పేడపొడి కప్పి పొగబెడితే కుండ నల్లగా నిగనిగలాడుతూ బయటికి వచ్చింది. అక్కడ వీడియో ఆపేశాను. ఆ మట్టి చుట్లు, ఆ నలుపు నేను మలేసియాలోనే, పెరాక్ నది ఒడ్డున ఒకావిడ వరండాలో ఏడేళ్ళ క్రితం చూశాను. చూసి, ఆవిడ చేసిన వాటిలో ముప్పై ఎనిమిదింటిని వద్దని పక్కన పెట్టాను.

మాది కాకినాడ. పదకొండేళ్ళుగా కౌలాలంపూర్ పక్కన క్లాంగ్‌లో ఒక సరుకు రవాణా ఆఫీసులో పని చేస్తున్నాను. ఏడేళ్ళ క్రితం మా స్నేహితుల కుటుంబాలు కొన్ని కలిసి కౌలాలంపూర్‌లో ఉగాది సభ పెట్టుకున్నాం. వచ్చినవాళ్ళకు జ్ఞాపికలిచ్చే బాధ్యత నాది. పెరాక్ నది ఒడ్డున సయోంగ్ ఊరి నల్ల కూజాల గురించి ఆఫీసులో ఎవరో చెప్పారు. గుమ్మడికాయ లాంటి పొట్ట, సన్నటి మెడ, అందులో పోసిన నీళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయట. అక్కడ చేసే ఒకింటికి ఫోన్‌లోనే నూట యాభై చెప్పాను. కూజాలు ఎలా ఉంటాయో చూడకముందే క్లాంగ్‌లో బంగారు రంగు అట్టపెట్టెలు కూడా చేయించేశాను. అన్నీ తొమ్మిదంగుళాల ఎత్తు. రోజంతా పెట్టెల కొలతలతో బతికే మనిషిని కదా, అందులో తప్పేమీ కనిపించలేదు.

తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వరండా నిండా కూజాలున్నాయి. తల్లీకూతుళ్ళిద్దరూ రెండు నెలలు కూర్చుని చేత్తో మట్టి చుట్లు పేర్చి చేసినవి. ఒకటి కాస్త పొట్టి, ఒకటి కాస్త పొడుగు, ఒకదాని మెడ ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు పక్కకి వాలి ఉంది. నేను పెట్టె తెరిచి ఒక్కొక్కటీ పెట్టి చూశాను. పట్టనివి పక్కన పెట్టాను. డబ్బు మొత్తం ఇస్తానన్నాను, ఇచ్చాను కూడా. కానీ పది రోజుల్లో ఇంకో ముప్పై ఎనిమిది కావాలని, ఈసారి అన్నీ ఒకేలా ఉండాలని చెప్పాను. పది రోజుల్లో చేత్తో అవదని కూతురు చెప్పింది. ఎలా చేస్తారో మీ ఇష్టం అన్నాను. వేళకు వచ్చాయి. సభ బాగా జరిగింది. ఆ తర్వాత నాకు సయోంగ్ గుర్తు రాలేదు.

మొన్న శనివారం పొద్దున్న ఆరు దాటాక క్లాంగ్‌లో లోకల్ రైలెక్కాను. కౌలాలంపూర్ పెద్ద స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కు గంటా పది నిమిషాలు. అక్కడ ఎనిమిదింటికి ఇపో వెళ్ళే ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. టికెట్ నలభై రింగిట్ల పైచిలుకు, సీటు సుఖంగా ఉంటుంది, ఏసీ మాత్రం మరీ ఎక్కువ, శాలువా పెట్టుకోండి. శని ఆదివారాల్లో వారం ముందే టికెట్లు అయిపోతాయి. పదిన్నరకు ఇపో స్టేషన్ బయట అప్పలనాయుడు అంకుల్ వ్యాన్‌తో నిలబడి ఉన్నారు. అంకుల్ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు ఎస్టేట్‌లో గుమాస్తాగా వచ్చారట. ఈయన ఇక్కడే పుట్టి, స్కూలు బస్సు నడిపి, ఇప్పుడు నాలాంటి వాళ్ళను తిప్పుతున్నారు. ఏడేళ్ళ క్రితం ఆ పెట్టెలు మోసింది కూడా ఈయన వ్యానే. పెట్రోలు, టోలు కలిపి రోజుకు రెండు వందల రింగిట్లు.

"ఏటమ్మా, మళ్ళా కూజాలేనా? ఈసారెన్ని?" అని అడిగారు.

"ఒకటే అంకుల్. చేత్తో చేసింది."

హైవే ఎక్కాక, ఇక్కడివాళ్ళలా మాట చివర లాహ్ తగిలిస్తూ అన్నారు. "చేత్తో సేసేవోలు ఇప్పుడు శానా తక్కువ లాహ్. అంతా అచ్చులే. సూద్దాం, ఉంటే ఉంటది."

ఇపో నుంచి సయోంగ్ గంట లోపే. క్వాలా కంగ్సార్ పట్టణం దాటి వంతెన మీదుగా పెరాక్ నది అవతలికి వెళ్ళాలి. వంతెన లేని రోజుల్లో కూజాలు పడవలోనే ఇవతలికి వచ్చేవని అంకుల్ చెప్పారు. ఊళ్ళో సగం ఇళ్ళ ముందు కూజాల బోర్డులే. మేము వెతికే ఇంటికి అప్పట్లో బోర్డు లేదు. ఇప్పుడు పెద్ద బోర్డు, పక్కన రేకుల షెడ్డు, టూరిస్టు బస్సులు ఆగడానికి చోటు.

షెడ్డులో కూతురు సల్మా కనిపించింది. కాక్ సల్మా అనాలి, కాక్ అంటే మలయ్‌లో అక్క. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. అంకుల్‌ని గుర్తుపట్టి, ఆయన చెప్పాక నన్ను. వెంటనే నా రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి పని అంతా చూపించింది. గోడ వెంట తెల్లటి ప్లాస్టర్ అచ్చులు, రెండేసి సగాలు కలిపి రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉన్నాయి. అక్కడ పనిచేసే అమ్మాయి మగ్గుతో వాటిలో మట్టి జావ పోసుకుంటూ వెళ్తోంది. కాసేపటికి అచ్చు గోడకి మట్టి పట్టుకుంటుంది, మిగిలిన జావ ఒంపేస్తే లోపల కూజా మిగులుతుంది. ఆరబెట్టిన కూజాలు వరసగా ఉన్నాయి. నేను కళ్ళతోనే కొలిచాను. అన్నీ తొమ్మిదంగుళాలు.

"అప్పుడు మీకు పంపిన ఆఖరి ముప్పై ఎనిమిదీ పక్క వీధిలో మా బంధువు దగ్గర అచ్చుపోయించినవే," అంది సల్మా. ఆ మలయ్ నాకు అర్థమైంది. "అవి చూశాకే మేమూ అచ్చులు కొన్నాం."

ఆమె తల్లి పేరు రొకియా. అందరూ మక్ చిక్ అంటారు, పిన్ని అని అర్థం. ఇంటి వెనక వంటగది అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. డెబ్బై దాటి ఉంటాయి. నా మలయ్ బజారులో కూరగాయలు కొనేంత మాత్రమే. ఆవిడదేమో పాతకాలపు పెరాక్ యాస. అంకుల్ మధ్యలో కూర్చున్నారు.

ఆవిడ నా మొహం పరీక్షగా చూసి చాలాసేపు మాట్లాడింది. అంకుల్ విని, గొంతు సవరించుకుని చెప్పారు. "నీకు రొంబ థ్యాంక్స్ సెప్తాంది అమ్మా. నీ ఆర్డరు వచ్చినాకే ఈలు దారిలో పడినారంట. కూతురు అచ్చులు కొన్నాది, షెడ్డు ఏసినాది, బస్సులు వస్తన్నాయి. ఎవరేటి అడిగినా నీ గురించే సెప్తాదంట, ఆ క్లాంగ్ అమ్మాయి కళ్ళు తెరిపించినాది అని."

క్షమించమని అడగడానికి దారి పొడుగునా మలయ్‌లో రెండు వాక్యాలు కూర్చుకుని వచ్చాను. ఈ మాట విన్నాక వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. షెడ్డు వచ్చింది, కూతురు స్థిరపడింది, తల్లి రెండు నెలలు నేల మీద వంగి కూర్చోనక్కర్లేదు. ఇవన్నీ నిజాలే. వాటికి నేను అడ్డు చెప్పలేను.

"ఇప్పుడు కూడా చేత్తో చెయ్యగలరా అని అడగండి అంకుల్," అన్నాను.

ఆవిడ నవ్వి చేతులు ముందుకు చాచి చూపించింది. వేళ్ళు వణకడం లేదు. "చెయ్యి బాగానే ఉంది అంతంది," అన్నారు అంకుల్. "అడిగినవోలే నేరు. అయిదేళ్ళయినాది అంట ఆఖరుది సేసి."

ఒక్కటి నా కోసం చెయ్యగలరా, పది రోజులు కాదు, ఎన్ని నెలలైనా ఆగుతాను అన్నాను. అంకుల్ ఆ మాట చెప్పగానే మక్ చిక్ లేచి షెడ్డులోకి వెళ్ళి ఒక ముద్ద మట్టి తెచ్చింది. అచ్చుల అంచుల దగ్గర గీకేసిన మట్టి. అరుగు మీద కూర్చుని అరచేతుల మధ్య పామింది. తాడులా సాగింది. దాన్ని గుండ్రంగా వంచబోతే మధ్యలో పగిలింది. నీళ్ళద్ది మళ్ళీ పామింది. మళ్ళీ అక్కడే పగిలింది. ఆవిడ ఆ ముక్కలు బకెట్లో వేసి చేతులు కడుక్కుంది.

"ఇది బస్తాల్లో కొన్న మట్టి అంట. పొయ్యడానికే తప్ప సుట్టడానికి పనికిరాదంట," అన్నారు అంకుల్. "మునుపు పొలం గట్టున ఆడోళ్ళే తవ్వి, ఎండబెట్టి, దంచి, జల్లించుకునేవోరంట. ఆ సోటులో ఇళ్ళు లేసిపోనాయి."

ఎండకి నా మొహం వాడిపోయిందనుకుందో ఏమో, మక్ చిక్ మంచినీళ్ళు తెచ్చింది. వంటగది మూల నుంచి ఒక నల్ల కూజా రెండు చేతులా ఎత్తుకొచ్చి గ్లాసులోకి వంచింది. పొట్ట మీద సన్నటి చెక్కుడు గీతలు, మెడ ఒక పక్కకి వాలి ఉంది. వంచినప్పుడు అడుగు భాగం పైకి లేచింది. అక్కడ తెల్ల పెయింట్ పెన్‌తో గీసిన ఇంటూ గుర్తు. అది నా గీత. పెట్టెలో పట్టనివాటిని తర్వాత పొరపాటున కలపకుండా అన్నిటికీ అడుగున అలా గీశాను. ఆ సంగతే మర్చిపోయాను. ఆ నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి.

మిగతావి ఏమయ్యాయని అడిగాను. కొన్ని ఇరుగుపొరుగు పట్టుకెళ్ళారట, కొన్ని పగిలాయట, ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

ఇది నాకిమ్మనండి, ఎంతైనా ఇస్తాను అన్నాను. అంకుల్ చెప్పారు. మక్ చిక్ తల అడ్డంగా ఊపింది. నెమ్మదిగా నాలుగు మాటలు అంది. కూజా కిందపెట్టి కొంగు లాంటి తలగుడ్డ అంచుతో దాని పొట్ట మీద నీటి చుక్కలు తుడిచింది.

"ఏమన్నారు అంకుల్?"

ఆయన వ్యాన్ తాళాలు చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నారు.

"చెప్పండి అంకుల్, పరవాలేదు."

"ఇది సొట్టది అంతంది అమ్మా. నువ్వే గుర్తెట్టినావు కదా, అప్పుడే తెలిసినాదంట. ఇంత దూరం నుంచి వచ్చినదానికి సెడ్డది ఎలా ఇస్తాను, షెడ్డులో మంచిది తీసుకెళ్ళు అంతంది."

అది చెడ్డది కాదని నాకు వచ్చిన మలయ్‌లో చెప్పాను. అదే అన్నిటికంటే బాగుందని చెప్పాను. నేను తప్పు చేశానని కూడా చెప్పాను. వాక్యం సరిగా కుదరకపోతే అంకుల్ మళ్ళీ చెప్పారు. ఆవిడ వింటూ తల ఊపింది. ఎవరో మర్యాదకు చెప్పే మాటలకు పెద్దవాళ్ళు ఊపినట్టు ఊపింది. తర్వాత సల్మాని కేక వేసి అన్నిటికంటే నిగనిగలాడే కూజా ఒకటి కాగితంలో చుట్టించి నా ఒళ్ళో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే నా చేయి మూసేసింది.

తిరిగి వంతెన దాటి నది ఒడ్డున ఒక దుకాణంలో లక్సా నూడుల్స్ తిన్నాం. ప్లేటు ఏడు రింగిట్లు, పేరున్న వంటకమే, ఆ రోజు నాకు రుచి తెలియలేదు. అంకుల్ తన ప్లేటు పూర్తి చేసి, "ఆ రోజే సెప్దామనుకున్నాను అమ్మా," అన్నారు. "నువ్వు పెట్టెలో పెట్టి తీస్తంటే ఆయమ్మ ఒక్కోదాన్నీ అలా సూస్తా నిలబడినాది. పండగ పని కదా, మనకేటి అని ఊరుకున్నాను. నేనూ సెప్పుండాల్సినాది."

"మీరు చెప్పినా నేను వినేదాన్ని కాదు అంకుల్," అన్నాను. అది ఆయన్ని ఓదార్చడానికి అన్న మాట కాదు.

సాయంత్రం నాలుగింటి రైలుకు ఇపోలో ఎక్కి, ఎనిమిది దాటాక క్లాంగ్‌లో దిగాను. దారి పొడుగునా ఆలోచించాను. నేను వెళ్ళకపోయినా అచ్చులు ఆ ఊరికి వచ్చేవే, పక్క వీధికి అప్పటికే వచ్చాయి కూడా. ఆ కుటుంబం ఇప్పుడు సుఖంగా ఉంది. కాబట్టి నా తప్పు పద్ధతి మారిపోవడంలో లేదనిపిస్తుంది. యాభై ఏళ్ళు తన చేత్తో కూజాలు చేసిన మనిషికి, ఏది మంచిదో ఏది చెడ్డదో నేను ఒక పూటలో, అట్టపెట్టె పట్టుకుని, నేర్పి వచ్చాను. ఆవిడ అది బాగా నేర్చుకుంది. ఏడేళ్ళ తర్వాత వెళ్ళి కాదని చెబితే చెరగలేదు. ఇంకోసారి వెళ్ళి చెబుతాను. చెరుగుతుందన్న నమ్మకం మాత్రం లేదు.

మీరు వెళ్ళాలనుకుంటే పనిరోజుల్లో పొద్దున్నే వెళ్ళండి, శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనకు మూసేస్తారు. కొనేముందు ఫోన్ లైటు కూజా మెడలోంచి లోపలికి వేసి చూడండి. లోపలంతా నున్నగా ఉంటే అది అచ్చుది. వేళ్ళు నొక్కిన గుంతలు కనిపిస్తే ఎవరో కూర్చుని చేసింది. అలాంటిది దొరికితే పక్కదానితో పోల్చకుండా తీసుకోండి, బాగుందని చేసినవాళ్ళ ఎదురుగానే చెప్పండి.